వైజాగ్ నుంచి వాస్కో దాకా: ఆల్బట్రాస్ రంగుల వేటలో 3,600 బొక్క

పన్నెండు ఫొటోలు, ఒక్కోటి 300. మొత్తం 3,600. "1988లో టీయూ-142 విమానాలు గోవాలో దిగిన కొత్తలో తీసినవి సార్, ఒరిజినల్ ప్రింట్లు" అని అమ్మిన పెద్దమనిషి పేరు రాయను గానీ, ఆ మోసం ఎలా బయటపడిందో మాత్రం వివరంగా రాస్తాను. మోడళ్లు చేయడానికి నిఘా విమానాల రంగులూ గుర్తులూ వెతికేవాళ్లకి ఇలాంటి ప్రింట్లు ఎప్పుడో ఒకప్పుడు ఎదురవుతాయి. ముందు ఊళ్ల సంగతి.

ఈ రూటే ఎందుకంటే, నౌకాదళం 312వ స్క్వాడ్రన్, అదే ఆల్బట్రాస్, కథంతా వైజాగ్, గోవాలోని వాస్కో, ఈ రెండు ఊళ్లలో దొరుకుతుంది. 1976లో వైమానిక దళం దగ్గర తీసుకున్న సూపర్ కాన్‌స్టలేషన్ విమానాలతో ఈ స్క్వాడ్రన్ మొదలైంది. 1988లో సోవియట్ నిఘా విమానాలు టీయూ-142లు వచ్చాయి, మొత్తం ఎనిమిది. 1992లో మకాం గోవా నుంచి అరక్కోణం దగ్గరి నౌకాదళ స్థావరం రాజాలికి మారింది. 2013లో బోయింగ్ నిఘా విమానాలు పీ-8ఐలు దిగడం మొదలైంది, 2017 మార్చి 29న టీయూలకు వీడ్కోలు చెప్పారు. అంటే తాత సూపర్ కాన్‌స్టలేషన్ గోవాలో, తండ్రి టీయూ వైజాగ్‌లో ఉన్నారు. మనవడు పీ-8ఐ రాజాలిలో ఇంకా డ్యూటీలో ఉన్నాడు, వాడి జోలికి పోవద్దు. నౌకాదళ స్థావరం గోడ బయట కెమెరా ఎత్తితే స్టేషన్లో కూర్చోవాల్సిందే. గోవా దబోలిం రన్‌వే కూడా నౌకాదళానిదే, విమానం కిటికీలోంచి ఫొటోలు తీయాలన్న సరదా అక్కడ పనికిరాదు.

వైజాగ్‌లో ఆర్కే బీచ్‌కి రెండు సందుల వెనక లాడ్జి. ఏసీ డబుల్ 1,600, మూడో మనిషికి పరుపు 300. వేణ్ణీళ్లు వచ్చాయి, ఫిర్యాదు లేదు. ఆర్టీసీ కాంప్లెక్స్ నుంచి ఆటో 150.

టీయూ-142 మ్యూజియం కురుసుర సబ్‌మెరైన్‌కి ఎదురుగా, రోడ్డుకి ఇవతల. 2017 డిసెంబరులో అప్పటి రాష్ట్రపతి రామ్‌నాథ్ కోవింద్ ప్రారంభించారు. మనిషికి 70 తీసుకున్నారు. సోమవారం సెలవు, మామూలు రోజుల్లో మధ్యాహ్నం 2 గంటలకి గానీ తెరవరు. రంగుల పనికి ఇదే చిక్కు. మధ్యాహ్నానికి ఎండ పడమటికి తిరుగుతుంది, సముద్రం వైపున్నదంతా నీడలో పడుతుంది. నీడలో ఉన్న బూడిద రంగు మీద పడేది ఆకాశపు వెలుగు, అందుకే ఫొటోలో నీలంగా వస్తుంది. ఎండ తగిలేవైపు అదే పెయింటు పచ్చబారినట్టు ఉంటుంది. ఇంటికొచ్చి చూసుకుంటే విమానానికి రెండు రంగులేశారేమో అనిపిస్తుంది. 18 శాతం గ్రే కార్డు (ఫొటోలో రంగు సరిచూసుకునే బూడిద అట్ట, 450కి దొరుకుతుంది) ఏ వైపు తీస్తే ఆ వైపు వెలుగులోనే పట్టుకుని ఒక ఫ్రేము తీయాలి, రెండువైపులకీ ఒకే కార్డు ఫ్రేము వాడకూడదు. ఫోన్ కెమెరా తనంతట తానే రంగులు సర్దేస్తుంది కాబట్టి రా ఫైలు (సర్దుబాటు చేయని ఫొటో) ఇచ్చే కెమెరా ఉండాలి. ఆదివారం పొద్దున్నా తెరుస్తారు, అప్పుడు వెళ్లి రెండో పక్క తీసుకుంటే పని పూర్తి. అందుకోసం మేము ఒక రాత్రి అదనంగా ఉన్నాం. "విమానం ఎటు పోతుందిరా, కాళ్లు లేవు కదా దానికి" అని బావ గొణుగుడు. మురీ మిక్చర్ రెండు పొట్లాలు ఇప్పిస్తే గానీ ఊరుకోలేదు.

రంగు పోల్చడానికి రాల్ షేడ్ కార్డు (నంబర్లు వేసిన రంగు నమూనాల కట్ట, మాకు 2,600 పడింది) తీసుకెళ్లాం. విసనకర్రలా విచ్చుకునే ఆ చిన్న కట్ట రేకులు నిగనిగలాడుతుంటాయి, వాటిలో ఆకాశం కనబడి షేడ్ లేతగా అనిపిస్తుంది. కొంచెం వాల్చి, వీపు ఎండకి పెట్టి చూడాలి. రష్యన్ పెయింటు రాల్ నంబరు చూసి కలిపింది కాదు, అందుకని నోటు పుస్తకంలో "దీనికి దగ్గర" అని రాసుకోవాలే తప్ప "ఇదే" అని రాసుకోకూడదు. పైగా ఆరుబయట నిలబెట్టిన విమానం ఎక్కడిదైనా సరే, దాని మీద ఇప్పుడున్న రంగు సర్వీసులో ఉన్నప్పటిది అనుకోవడానికి లేదు. ప్రదర్శనకు పెట్టేటప్పుడు మళ్లీ పూత పడుతుంది. ఆ పూతని కూడా ఎండ తినేస్తుంది: జిగురు పోయి రంగుపొడి పైకి తేలుతుంది, బూడిద తెల్లబడుతుంది. త్రివర్ణ రౌండెల్‌లో (విమానం మీది గుండ్రటి జాతీయ గుర్తు) ముందు దెబ్బతినేది బయటి కాషాయం. ఆకుపచ్చ గట్టిది, నిలుస్తుంది. పాలిపోయిన కాషాయాన్ని చూసి మోడల్‌కి గులాబీ వేసినవాళ్లు ఉన్నారు.

కాబట్టి మ్యూజియంలో రంగు కంటే కొలతలకి ఎక్కువ విలువివ్వాలి. అక్షరం ఎత్తు, రౌండెల్ వ్యాసం, తలుపు నుంచి గుర్తుకి దూరం. తాడు దాటనివ్వరు కాబట్టి టేపు పని చేయదు, ఫొటోలోనే తెలిసిన కొలత ఒకటి పట్టుకోవాలి. టీయూకి రెక్కల విస్తారం 50 మీటర్లు, పొడవు 53, ప్రొపెల్లర్ వ్యాసం 5.6. ఒక్కో ఇంజనుకి నాలుగేసి బ్లేడ్ల వరసలు రెండు, ఒకదానికొకటి ఎదురు తిరుగుతాయి. చాలామంది ఆ 5.6 పట్టుకుని లెక్క కట్టేస్తారు, అక్కడే బోల్తా. పక్కనుంచి చూస్తే బ్లేడు నిట్టనిలువుగా ఉంటేనే 5.6. నలభై అయిదు డిగ్రీలు వాలి ఉంటే కనిపించేది 4 మీటర్లే. రెండోది, ఇంజను విమానం ఒంటి కంటే మనకి దగ్గరగా ఉంటుంది. ఒంటికి 40 మీటర్ల దూరంలో నిలబడి, ప్రొపెల్లర్ 6 మీటర్లు ఇవతలికి ఉందనుకుంటే, అది దాదాపు 18 శాతం పెద్దగా పడుతుంది. ఆ స్కేలుతో కొలిస్తే ఒంటి మీది అక్షరం దాదాపు 15 శాతం చిన్నదైపోతుంది. వీలైనంత వెనక్కి జరిగి జూమ్ లెన్సుతో తీయండి, స్కేలుకి మాత్రం ఒంటి మీదున్న వస్తువునే వాడండి. అలాగే నౌకాదళ విమానాల మీద పేరు ఇంగ్లిషులోనూ దేవనాగరిలోనూ కనిపిస్తుంది, ఒకవైపు తీసి రెండోవైపూ అంతే అనుకోవద్దు.

లోపల హాల్లో సోనోబోయ్‌లు (సబ్‌మెరైన్ల చప్పుడు వినడానికి సముద్రంలో వేసేవి), ఇంజను, డేటా రికార్డరు ఉన్నాయి. గంట సరిపోతుంది.

వైజాగ్ నుంచి వాస్కోకి అమరావతి ఎక్స్‌ప్రెస్ నేరుగా ఉంది, రోజూ ఉండదు, తేదీలు చూసుకోవాలి. థర్డ్ ఏసీ 1,700 చిల్లర. దూద్‌సాగర్ దగ్గర బావ ముఖం విప్పారింది, అంతే.

వాస్కో లాడ్జిలో ఫోన్లో 1,400 చెప్పి, దిగాక ఏసీ రిమోటుకి వేరే 300 అన్నారు. రిమోటుకి! ఫ్యాను కింద పడుకున్నాం. టాక్సీల జోలికి పోకుండా స్కూటర్లు అద్దెకి తీసుకోండి, రోజుకి 400. నల్ల ప్లేటు మీద పసుపు అక్షరాలున్నదే అద్దె బండి. తెల్ల ప్లేటు బండి ఇస్తే పోలీసులకి కట్టే డబ్బు మీదే.

బోగ్‌మాలో అనే ఊరికి వెళ్లే దారిలోని నేవల్ ఏవియేషన్ మ్యూజియం 1998 నుంచి ఉంది. ఇక్కడా సోమవారం సెలవు. పొద్దున్నే వెళ్లాలి, సూపర్ కాన్‌స్టలేషన్ బయటే ఉంటుంది. ఎయిర్ ఇండియాలో "రాణీ ఆఫ్ ఎల్లోరా"గా ప్రయాణికుల్ని మోసి, తర్వాత వైమానిక దళం 6వ స్క్వాడ్రన్‌లో పనిచేసి, చివరికి నౌకాదళానికి వచ్చిన విమానం ఇది. ముగ్గురు యజమానులు, మూడు తరాల రంగులు. ఇలాంటి విమానాన్ని పొద్దున ఏటవాలు ఎండలో చూడాలి. పాత అక్షరాల పెయింటు అంచు కొత్త పూత కింద సన్నటి గట్టులా ఉంటుంది, ఎదురు వెలుగులో మాయమవుతుంది, పక్క వెలుగులో నీడ వేస్తుంది. రివెట్ల చుట్టూ, రెక్క ముందంచున పెయింటు దానంతటదే లేచిన చోట పొరలు లెక్కపెట్టొచ్చు. గోరు పెట్టి గీకొద్దు, అది పరిశోధన కాదు. ఇంకోమాట: దీనికి తోకలు మూడు. బయటి తోకల లోపలి ముఖాలు ఎవరూ తీయరు, మోడల్ చేసేటప్పుడు అందరూ వెతికేది వాటినే.

పక్క ఊళ్లో చేపల థాలీ 220. బాంగ్డా వేపుడు, సోల్ కడీ, మళ్లీ మళ్లీ అన్నం. బావ రెండు పూటలూ అక్కడే. వాస్కోలో ఇంకేమీ తినకపోయినా పర్లేదు, ఇది తినండి.

ఇక ఫొటోల సంగతి. సాయంత్రం కరెంటు పోయిన టీ కొట్టులో కొన్నాం, అది మా తప్పు. రాత్రి గదిలో 350 రూపాయల పది రెట్ల భూతద్దం పెట్టి చూస్తే ఆకాశమంతా చుక్కలు. నీలం, గులాబీ, పసుపు, ఇంకు చల్లినట్టు. 1988 నాటి కలర్ ప్రింటు ల్యాబులో కడిగినది, దానిలో చుక్కలుండవు, రంగు పొగలా కలిసిపోయి ఉంటుంది. చుక్కలున్నాయంటే ఇంక్‌జెట్. వెనక తిప్పితే కాగితం కంపెనీ ముద్ర లేదు, తెల్లగా ఉంది. టీ మరక కావాలని పూసినట్టు నాలుగు మూలలా ఒకే వాటంలో ఉంది. ఇంతవరకు పాత ఫొటోకి కొత్త కాపీ అని సరిపెట్టుకోవచ్చు, కాపీ అయినా బొమ్మ పాతదైతే మనకి చాలు.

తొమ్మిదో ప్రింటు ఆ ఆశ కూడా మిగల్చలేదు. టీయూ ముక్కు వెనక, అంచున, ఇంకో విమానం తోక. తోక మొదలు వీపు మీదికి ఒక మెట్టులా విరిగి జారింది, అది బోయింగ్ 737 వంశానిది. వెనక సన్నటి కొమ్ములా పొడుచుకొచ్చినది అయస్కాంత తేడాలు పసిగట్టే కడ్డీ. ఈ రెండూ కలిసి ఉన్నది మన పీ-8ఐ. మొదటి పీ-8ఐ రాజాలిలో దిగింది 2013 మే 15న. 1988 గోవాలో అది ఎలా నిలబడుతుంది?

అమ్మినాయనకి ఫోన్ చేస్తే మొదటిసారి "కరెక్టే సార్, ఒకటి కలిసిపోయుంటుంది" అన్నాడు, రెండోసారి నుంచి ఎత్తలేదు. పాత ఫొటో కొనేముందు చేయాల్సింది ఇదే: పగటి వెలుగు, భూతద్దం, కాగితం వెనక్కి తిప్పడం, ఆ తర్వాత బొమ్మలో అసలు విమానాన్ని వదిలేసి వెనకున్న వాహనాలు, కట్టడాలు, పక్క విమానాలు చూడటం. తేదీ చెప్పేవి అవే.

పదకొండు ప్రింట్లు బావ చించబోతే ఆపలేదు. తొమ్మిదోది మాత్రం దాచాం. పీ-8ఐ పక్కన ఉన్న సర్వీసులోని టీయూ కాబట్టి, "2013 మే – 2017 మార్చి మధ్య, బహుశా రాజాలి" అని వెనక పెన్సిల్‌తో రాసి ఫైల్లో పెట్టాం. మ్యూజియం పూత పడకముందు రంగుకి మా దగ్గరున్న తేదీ తెలిసిన సాక్ష్యం అదొక్కటే.