దాళ్వా నెలల్లో బరకాలు: కాటా మీద పెట్టి చూస్తే

ఏప్రిల్ సగం దాటితే గోదావరి డెల్టాలో ప్రతి ఇంటికీ రెండు హడావిళ్లు ఒకేసారి వస్తాయి. చేలో దాళ్వా (రెండో పంట వరి) కోత, ఇంట్లో సెలవులకొచ్చిన మనవలు. కళ్లంలో ధాన్యం, డాబా మీద వడియాలు, వసారాలో మాగాయ ముక్కలు, వాకిట్లో పిల్లల మంచాలు అన్నీ ఆరుబయటే ఉంటాయి. సాయంత్రం నాలుగింటికి పడమట మబ్బు పట్టిందంటే ఇంటిల్లిపాదీ వెతికేది ఒకటే, బరకం, అదే టార్పాలిన్. దొరికేసరికి దాని మూల రింగు ఊడిపోయి ఉంటుంది.

ఇప్పుడు బజారులో బరకం పేరుతో అమ్మేవి ముఖ్యంగా మూడు రకాలు. మొదటిది హెచ్‌డీపీఈ అనే ప్లాస్టిక్‌తో నేసిన నీలం రంగు పలచ బరకం, 90 నుంచి 120 జీఎస్ఎం. జీఎస్ఎం అంటే చదరపు మీటరుకు ఎన్ని గ్రాములన్న లెక్క. రెండోది అదే హెచ్‌డీపీఈ నేతతో దళసరిగా వచ్చే 200, 250 జీఎస్ఎం బరకం. మూడోది నేత లేకుండా ప్లాస్టిక్ పొరలను అడ్డంగా, నిలువుగా అతికించి చేసేది. ఏ కంపెనీదైనా దాన్ని జనం సిల్పాలిన్ అనే పిలుస్తారు. వీటికి తోడు నాలుగోది, డబ్బులివ్వకుండా దొరికేది, పాత ఫ్లెక్సీ. ఎన్నికలైన ఏడాది దీనికి కరువుండదు.

ఒక్క మాటలో కావాలంటే ఇదీ తీర్పు: ధాన్యం కిందకి 250 జీఎస్ఎం నేత బరకం, రాశి మీదకి సిల్పాలిన్ రకం, ఇంటి అవసరాలకు ఒక చిన్న నీలం బరకం. ఒకే బరకంతో మూడు పనులూ లాగుదామంటే మూడూ చెడతాయి. ఫ్లెక్సీ పిడకల మీదకి చాలు. రెండు ఎండలకే బిరుసెక్కి మడత దగ్గర పెళుసుగా విరుగుతుంది, కట్టుకోవడానికి రింగులుండవు, పైగా రంగు పెచ్చులూడి ధాన్యంలో కలుస్తుంది.

కొనేటప్పుడు కొట్లో చెప్పే మాట ఎక్కడైనా ఒకటే: "ఆయ్, రెండొందల యాభై జీఎస్ఎమ్మేనండి." నమ్మొచ్చు, కాకపోతే కాటా మీద పెట్టాక. 8 మీటర్లు, 6 మీటర్ల బరకం 48 చదరపు మీటర్లు. 48ని 250తో గుణిస్తే 12 కిలోలు. అంచులో తాడు, చుట్టూ రింగులు కూడా ఉంటాయి కాబట్టి 12కి కాస్త పైనే తూగాలి, తగ్గకూడదు. 9 కిలోలే తూగిందంటే అది 190 జీఎస్ఎం కూడా కాదు. అడుగుల లెక్కలో 24×18 బరకం సుమారు 40 చదరపు మీటర్లు, అంటే 250 రకమైతే 10 కిలోలు, 120 రకమైతే 4.8 కిలోలు. ఇంత చిన్న లెక్క వేయకుండా చేత్తో పట్టుకుని "బరువుగానే ఉంది" అనుకుని డబ్బులిచ్చేయడమే ఇందులో జరిగే మొదటి పొరపాటు. ఇంకో సంగతి, 24×18 అన్నది చాలాసార్లు అంచు మడవకముందు కొలత. మడత పోగా అసలు కొలత అడుగు దాకా తగ్గొచ్చు. టేపు పెట్టి కొలిచాకే కాటా లెక్క వేయాలి. నేత బరకానికి ఐఎస్ 7903, పొరల రకానికి ఐఎస్ 14611 అనే నంబర్లు ఐఎస్ఐ గుర్తుతో ఉన్నాయేమో కూడా చూడండి.

బరువు సరిపోయాక ఎండకు పట్టి చూడండి. నేతలో సూది మొనలంత వెలుగు చుక్కలు కనిపిస్తే పైపూత పలచగా ఉందన్నమాట, వాన ఆగదు. మూల ఒకటి గట్టిగా మడిచి, గోటితో రుద్ది, విప్పి, మళ్లీ మడవండి. నాలుగైదు సార్లకే మడత గీత తెల్లబడి పొర లేచిందంటే ఎండకు ఆగే రకం కాదు. మధ్యలో పల్లం చేసి చెంబుడు నీళ్లు పోసి, పది నిమిషాల తరవాత కింద చెయ్యి పెట్టి చూడనిచ్చే కొట్టు దొరికితే మరీ మంచిది. రంగుల్లో నలుపు ఎండకు ఎక్కువ కాలం ఆగుతుంది, అందులో కలిపే కార్బన్ వల్ల. రింగులు అల్యూమినియంవి కావాలి. అంతర్వేది, ఓడలరేవు వైపు ఉప్పుగాలికి ఇనుప రింగు ఒక్క వానాకాలంలోనే తుప్పుపట్టి చుట్టూ ఉన్న నేతను కూడా తినేస్తుంది.

ఇక ఎన్ని కావాలి? ఎకరానికి 75 కిలోల బస్తాలు 42 వచ్చాయనుకుంటే సుమారు 3.15 టన్నులు. రాశిగా పోస్తే అయిదున్నర ఘనపు మీటర్లు. దాన్ని రెండున్నర అంగుళాల మందాన ఆరబోయాలంటే దాదాపు 90 చదరపు మీటర్ల చోటు కావాలి, అంటే 8×6 బరకాలు రెండు. అదే ధాన్యాన్ని మూడడుగుల ఎత్తున, ఎనిమిదిన్నర అడుగుల వెడల్పున పొడుగు రాశి చేస్తే రెండు కొసల వాలుతో కలిపి పద్దెనిమిది, పంతొమ్మిది అడుగుల పొడవొస్తుంది. దాని మీదకి చుట్టూ రెండడుగుల అంచు నేలమీద పరుచుకునేలా ఒక 8×6 బరకం సరిగ్గా సరిపోతుంది. కిందకి రెండు, పైకి ఒకటి, ఇదీ ఎకరం లెక్క. మూడెకరాలున్నవాళ్లు తొమ్మిది కొననక్కర్లేదు. అంతా ఒకేరోజు కాకుండా రెండు రోజులు ఎడంగా మిషన్‌తో కోయిస్తే ఆరింటితో సర్దుకోవచ్చు. అద్దెకు తెచ్చుకునే అలవాటు ఉన్న ఊళ్లలో అద్దె ఊరిని బట్టి కాదు, మబ్బుని బట్టి మారుతుంది. ముందురోజే మాట్లాడుకోవాలి.

మిషన్ కోసిన దాళ్వా ధాన్యంలో తేమ ఇరవై పైనే ఉంటుంది. కొనుగోలుకు దాటకూడని గీత 17 శాతం. ఈ మధ్య దూరాన్ని దాటించాల్సింది ఎండే. ఆ ఎండ చాలకపోయినా ఇబ్బందే, మరీ ఎక్కువైనా ఇబ్బందే. పలచగా, అంగుళం మందానే నల్ల బరకం మీద పోసి వదిలేస్తే గింజ పైపైన గబగబా ఆరి లోపల పగులుతుంది. ఆ పగులు మిల్లులో నూకగా బయటపడుతుంది. రెండు, మూడు అంగుళాల మందాన పోసి, గంటకోసారి కాళ్లతో చాళ్లు తీస్తూ తిరగబెట్టాలి. బరకం కింద ఎండుగడ్డి పరిస్తే రెండు లాభాలు. నేల చెమ్మ పైకి రాదు, వరి మోళ్లు గుచ్చుకుని బరకానికి కంతలు పడవు. సిల్పాలిన్ రకాన్ని కిందకి వద్దనేది అందుకే. మోడు గుచ్చుకుంటుంది, దాని నున్నదనానికి తిరగబెట్టేవాళ్ల కాలు జారుతుంది.

ధాన్యం పాడయ్యేది వానకే అనుకుంటారు. నిజానికి బరకం కింద ఉడికి పాడయ్యేది కూడా తక్కువేమీ కాదు. ఎండలో కాగిన గింజను అయిదింటికి రాశి చేసి వెంటనే బిగించి కప్పేస్తే, లోపలి ఆవిరి రాత్రికి బరకం అడుగున చెమటలా పట్టి బొట్టుబొట్టుగా రాశి మీదే పడుతుంది. తెల్లారి బరకం ఎత్తితే పైన రెండంగుళాలు తడి, చెయ్యి లోపలికి పెడితే వేడి, ముక్కు దగ్గర పెట్టుకుంటే పులిసిన వాసన. మబ్బు లేని రోజున రాశి చేసి గంట చల్లారనిచ్చి, మంచు మొదలయ్యేలోపు కప్పాలి. రాశికీ బరకానికీ మధ్య ఖాళీ గోనె సంచులో బెత్తెడు గడ్డో వేస్తే ఆ చెమటను అవి పీల్చుకుంటాయి. ముసురు పట్టి రెండు మూడు రోజులు విప్పే వీలు లేకపోతే, వాన తెరిపిచ్చినప్పుడల్లా గాలి లేని వైపు అంచు జానెడు ఎత్తి వదలండి. 2022 మేలో అసని తుపాను లాంటి ముసురొస్తే గింజ మొలకెత్తడానికి ఆ తడీ ఆ వెచ్చదనమే చాలు.

బరకం చిరిగేది మధ్యలో కాదు, రింగు దగ్గర. నైలాన్ తాడుతో రింగుని నేరుగా గుంజకు బిగిస్తే ఈదురుగాలి కొట్టే ప్రతి దెబ్బా ఆ ఒక్క రింగు మీదే పడుతుంది. రింగుకీ తాడుకీ మధ్య పాత సైకిల్ ట్యూబు ముక్క ఒకటి జానెడు పొడవున కట్టండి. గాలికి అది సాగుతుంది, రింగు బతుకుతుంది. రింగు ఇప్పటికే ఊడిపోయిందా? మన నల్లమట్టిలో గులకరాయి వెతుక్కోనక్కర్లేదు, చెట్టు కింద రాలిన కొబ్బరి పిందె చాలు. ఊడిన చోటికి బెత్తెడు లోపలగా పిందెను బరకం అడుగున పెట్టి, పైనుంచి బరకాన్ని దాని చుట్టూ మూటలా పట్టుకుని, మెడ దగ్గర పురికొసతో నాలుగు చుట్లు బిగించి, ఆ మెడకే తాడు కట్టాలి. కొత్త రింగు కంటే ఇదే గట్టి, ఎందుకంటే లాగుడు ఒక కంత మీద కాకుండా గుప్పెడు నేత మీద పడుతుంది.

రాశి పొడవు గాలివాటుకి ఉండాలి, అడ్డంగా కాదు. వేసవి గాలివాన ఎక్కువగా పడమర, వాయవ్యాల నుంచే వస్తుంది కాబట్టి ఆ వైపు సన్నటి కొస ఉంచండి. రెండు బరకాలు కలిపి కప్పాల్సి వస్తే పెంకు మీద పెంకులా, గాలి వచ్చే వైపుది పైన ఉండేలా రెండడుగులు ఎక్కించాలి. అంచుల మీద బండరాళ్లు వద్దు, ముఖ్యంగా రోడ్డు పక్కన. చీకట్లో బండి మీద వచ్చేవాడికి అవి కనపడవు. సిమెంటు సంచిలో అయిదారు కిలోల తడి ఇసక పోసి మూతి కట్టి మూడడుగులకొకటి పెడితే ఎంత గాలికీ దొర్లదు. రాశి చుట్టూ జానెడు లోతు బోదె తీయకపోతే పైన ఎంత కప్పినా నీరు కిందనుంచి వస్తుంది. ఉరుము వినపడ్డాక మాత్రం చేలో బరకం పట్టుకుని నిలబడొద్దు. గాలికి లేచి కరెంటు తీగల మీద పడితే కర్రతో లాగకండి, 1912కి ఫోన్ చేయండి.

ఇంటి దగ్గర బరకం పని వేరు. వడియాలు, అప్పడాలు, మాగాయ ముక్కలు, మామిడి తాండ్ర దీని మీద ఎండబెట్టకూడదు. కాగిన ప్లాస్టిక్ వాసన పడుతుంది, ఉప్పు, పులుపు ఉన్నవాటికి మరీను. వాటికి తాటాకు చాప, ఉతికిన పంచె ఉండనే ఉన్నాయి. 12×9 అడుగుల నీలం బరకం ఒకటి డాబా పిట్టగోడకి ఒక వైపు ముందే కట్టేసి చుట్టి ఉంచండి. చినుకు పడగానే ఇంట్లో ఎవరున్నా చుట్ట విప్పి రెండో వైపు ఇసక సంచి పెడితే చాలు. పదేళ్ల పిల్లలు కూడా చేయగలరు, చెబితే ఎగబడి చేస్తారు కూడా. అదే కొలతది వసారాకి జల్లు పరదాగానూ పనికొస్తుంది. కింది అంచుకి వెదురు కట్టి వేలాడదీస్తే గాలికి కొట్టుకోదు.

పెంకుటింటి మీద, పశువుల పాక మీద కప్పేటప్పుడు కొప్పు దాటించి రెండో వాలులోకి మూడడుగులైనా దించాలి. కొప్పు దగ్గరే ఆపితే గాలి అక్కడే దూరి మొత్తం లేపేస్తుంది. మే నెల పెళ్లిపందిరి మీద బల్లపరుపుగా కట్టే బరకం మరీ ప్రమాదం. చదరపు మీటరు మీద ఒక్క సెంటీమీటరు నీరు నిలిస్తే 10 కిలోలు. పల్లం పడ్డ చోట పది సెంటీమీటర్లు నిలిచాయంటే బస్తా ధాన్యం కంటే ఎక్కువ బరువు వియ్యాలవారి నెత్తిమీద వేలాడుతున్నట్టే. నాలుగడుగులకి అడుగు వాలు ఉండి తీరాలి. ఆ వాలు వంటపొయ్యి వైపు లేకుండా చూసుకోవాలి.

చిరుగుల సంగతి. సెల్లోటేపు ఒక్క ఎండకే లేచిపోతుంది, సూదీదారంతో కుడితే కంతలు ఇంకా ఎక్కువవుతాయి. పాత నేత బరకం ముక్కను చిరుగు కంటే అన్నివైపులా మూడు వేళ్లు ఎక్కువగా కత్తిరించి, రెండు ముఖాలూ తుడిచి ఆరబెట్టి, పైన న్యూసుపేపరు వేసి ఇస్త్రీపెట్టెతో నెమ్మదిగా అదమాలి. వేడి తక్కువలో మొదలుపెట్టండి. నూలుబట్టలకు పెట్టే వేడికి బరకమే కరిగి కంత పెద్దదవుతుంది. అతుక్కున్నాక చల్లారేదాకా కదపకూడదు.

దాచేటప్పుడు తడి ఉండకూడదు, ధాన్యపు గింజ ఒక్కటి కూడా మిగలకూడదు. ఆ గింజ కోసమే ఎలుక వస్తుంది, వచ్చాక మడత మొత్తం కొరుకుతుంది. ఒక మడతలో పడ్డ కంత విప్పాక ఎనిమిది చోట్ల కనిపిస్తుంది. ఏటా అదే గీత మీద మడవకుండా వెదురు బొంగుకి చాపలా చుట్టి, రెండు కొసలా తాడు వేసి దూలానికి గోడకి దూరంగా వేలాడదీయండి. సార్వా (వానాకాలపు వరి) కోతకి తుపాన్ల రోజుల్లో మళ్లీ దించాలి. దసరా సెలవుల్లో ఒక ఎండపూట విప్పి రింగులు లెక్కపెట్టుకుని, సైకిల్ ట్యూబు ముక్కలు మార్చుకోండి. రబ్బరు ఒక వేసవికి మించి ఆగదు.