ఎఫ్‌ఆర్‌ఆర్ ప్రిఫిక్స్ లిస్ట్: పని పక్కా, సందేశాలే పొడి పొడి

ఉచితంగా దొరికే రౌటింగ్ సాఫ్ట్‌వేర్ ఎఫ్‌ఆర్‌ఆర్‌లో తరచూ వాడేది, తరచూ తప్పు రాసేది ప్రిఫిక్స్ లిస్ట్, అంటే ఏ రూట్లను (నెట్‌వర్క్‌లకు దారులను) రానివ్వాలో, వేటిని ఆపాలో చెప్పే జాబితా.

10.0.0.0/8 జీఈ 16 ఎల్‌ఈ 24 అని పర్మిట్ (రానివ్వు) రాశారనుకోండి. జీఈ అంటే కనీస పొడవు, ఎల్‌ఈ అంటే గరిష్ఠ పొడవు. ఇందులో రెండు పరీక్షలున్నాయి. రూట్‌లోని మొదటి 8 బిట్లు 10తో కలవాలి. మాస్క్ పొడవు, అంటే / తర్వాతి అంకె, 16 నుంచి 24 లోపు ఉండాలి. 10.5.0.0/16 దాటుతుంది, 10.5.7.0/24 దాటుతుంది. 10.5.7.128/25 ఆగిపోతుంది. చిత్రంగా 10.0.0.0/8 కూడా ఆగిపోతుంది, దాని పొడవు 8 కదా! జీఈ ఒక్కటే ఇస్తే పై హద్దు 32. ఎల్‌ఈ ఒక్కటే ఇస్తే కింది హద్దు రాసిన పొడవే. రెండూ లేకపోతే అచ్చంగా ఆ ఒక్క రూటే.

అసలు దెబ్బ ఇక్కడే. అన్నీ రానిద్దామని చివర 0.0.0.0/0 పర్మిట్ పెడతారు. డిఫాల్ట్ రూట్ (వేరే దారి దొరకనప్పుడు వాడేది) తప్ప ఏదీ రాదు. అన్నీ కావాలంటే ఎల్‌ఈ 32 తగిలించాలి. /25, అంతకంటే పొడవైనవాటిని డినై చేసి (ఆపి) ఊరుకున్నా అంతే, లిస్ట్ చివర కనిపించని డినై మిగతావన్నీ మింగేస్తుంది.

సీక్వెన్స్ నంబర్లు 5 చొప్పున పెరగడం హాయి, మధ్యలో లైను దూర్చొచ్చు. ఐపీవీ6కి లిస్ట్ విడిగా రాయాలి. డీబగ్ ప్రిఫిక్స్‌-లిస్ట్ మ్యాచ్ కమాండ్‌కి ఒక రూట్ ఇచ్చి చూడండి, ఏ లైను పట్టుకుందో చెబుతుంది. నా దృష్టిలో ఈ ఒక్క సదుపాయానికే మంచి మార్కులు వేయొచ్చు. రూట్ ఎందుకు ఆగిందో మాత్రం లాగ్ తనంతట తాను చెప్పదు.