ఐఎస్ఏఏ స్కేలు: కొలతకు బాగుంది, భయాన్ని ఆటిజం నుంచి విడదీయడానికి చాలదు

ఆటిజం సర్టిఫికెట్ కోసం వెళ్తే వాడేది ఐఎస్ఏఏ (ఇండియన్ స్కేల్ ఫర్ అసెస్‌మెంట్ ఆఫ్ ఆటిజం) అనే ఈ స్కేలే. సికింద్రాబాద్ మనోవికాస్‌నగర్‌లోని, మేధో వైకల్యం ఉన్నవారి కోసం పనిచేసే జాతీయ సంస్థ తయారుచేసింది. 40 అంశాలు, ఒక్కోదానికి 1 నుంచి 5 మార్కులు. మొత్తం 70 లోపైతే ఆటిజం లేనట్టు. 106 దాకా స్వల్పం, 153 దాకా మధ్యస్థం, ఆపైన తీవ్రం.

తీవ్రత కొలవడానికి మంచి పనిముట్టే. చిక్కల్లా మార్కు వేసే పద్ధతిలో ఉంది. లక్షణం ఎంత తరచుగా కనిపిస్తే అంత మార్కు. ఎందుకు, ఎప్పట్నుంచి అన్నది లెక్కలోకి రాదు. ఇంట్లో దెబ్బలు తిన్న పిల్లాడు కళ్లలోకి చూడడు, పిలిస్తే పలకడు, తోటిపిల్లల్లో కలవడు. ఆటిజం లేకపోయినా ఎక్కువ మార్కులు వచ్చేస్తాయి!

అందుకే ఫారం తీసే ముందు తేదీలు రాబట్టాలి. ఏడాదిన్నర వయసులో వేలితో చూపించేవాడా? మాటలు ఎప్పుడు తగ్గాయి, ఆ నెలలో ఇంట్లో ఏం జరిగింది? ‘కారణం లేకుండా ఉద్రేకపడటం’ అన్న అంశం దగ్గర మరీ జాగ్రత్త. ఫలానా మనిషి గొంతు వినగానే గడ్డకట్టుకుపోతే అది కారణం లేకుండా కాదు. ఆట కూడా చూడాలి: కారు చక్రం తిప్పుతూ కూర్చోవడం వేరు, బొమ్మను కొట్టి మంచం కింద దాచడం వేరు. విన్న మాటనే మళ్లీ మళ్లీ అనడం, చేతులు ఆడించడం పసితనం నుంచీ ఉంటే మాత్రం మొగ్గు ఆటిజం వైపే.

ఆటిజం, భయం రెండూ ఒకే బిడ్డలో ఉండొచ్చు. ఒక్క పూటలో, ఒక్క గదిలో వేసిన స్కోరును మేం నమ్మం; బడిలో మరోసారి చూడాల్సిందే.