ప్లూటార్క్ చెప్పిన అలెగ్జాండర్, సీజర్: తీర్పు మనకే వదిలేసిన పుస్తకం

హైస్కూల్లో చరిత్ర చెప్పేవాళ్లందరికీ ఈ ప్రశ్న ఎదురవుతుంది: "సార్, అలెగ్జాండర్ గొప్పా, సీజర్ గొప్పా?" గెలిచిన యుద్ధాలూ, ఆక్రమించిన దేశాలూ లెక్కేసి జవాబు చెప్పేయొచ్చు. కానీ ఇద్దరూ ఎలాంటి మనుషులో, తమ కింద ఉన్నవాళ్లను ఎలా నడిపించారో పిల్లలకు చెప్పాలంటే నేను చేతిలోకి తీసుకునేది గ్రీకు రచయిత ప్లూటార్క్ 'సమాంతర జీవితాలు'లోని ఈ జంటనే. కొనాలనుకునేవాళ్లకు పనికొస్తుందని ఈ రివ్యూ రాస్తున్నాను.

ముందు ఎడిషన్ సంగతి. ప్లూటార్క్ ఒక గ్రీకు వీరుడికి ఒక రోమన్‌ను జోడించి జంటలు జంటలుగా రాశాడు. చాలా ప్రచురణల్లో ఆ జంటలను విడదీసి గ్రీకులను ఒక పుస్తకంలో, రోమన్లను ఇంకో పుస్తకంలో వేస్తారు. అలా కొంటే సగం ప్రయోజనం పోయినట్టే. నా దగ్గరున్నది లోయెబ్ క్లాసికల్ లైబ్రరీ వేసిన 'జీవితాలు' 7వ సంపుటం. చేతిలో ఇమిడే చిన్న ఆకుపచ్చ పుస్తకం. ఎడమ పేజీలో గ్రీకు మూలం, కుడి పేజీలో బెర్నడాట్ పెరిన్ 1919లో ప్రచురించిన ఇంగ్లిష్ అనువాదం. డెమోస్తనీస్, సిసిరో అనే ఇద్దరు వక్తల తర్వాత అలెగ్జాండర్, సీజర్ వస్తారు. ఇంగ్లిష్ పాతకాలపుదే, కొన్ని వాక్యాలు రెండోసారి చదవాల్సి వస్తుంది. అయినా జంట విడిపోలేదు కాబట్టి నా ఓటు దీనికే.

ప్లూటార్క్ గ్రీసులోని కైరోనియా అనే చిన్న ఊరివాడు. క్రీ.పూ. 338లో ఏథెన్స్, థీబ్స్ సేనలను అలెగ్జాండర్ తండ్రి, మాసిడోనియా రాజు ఫిలిప్ ఓడించింది అక్కడే. ఆ యుద్ధంలో పద్దెనిమిదేళ్ల అలెగ్జాండర్ కూడా ఉన్నాడు. అలెగ్జాండర్ డేరా వేసిన చోటు దగ్గర కెఫిసస్ నది ఒడ్డున ఒక ముసలి ఓక్ చెట్టు ఉండేదని, తన కాలంలో కూడా జనం దాన్ని చూపించేవారని ప్లూటార్క్ రాశాడు. తన ఊరి నేల మీద జరిగినదాన్ని నాలుగు శతాబ్దాల తర్వాత రాస్తున్న మనిషి ఆయన. ఆ దగ్గరితనం అలెగ్జాండర్ కథలో తెలుస్తూనే ఉంటుంది.

తాను రాసేది చరిత్ర కాదు, జీవితాలు అని ఆయన మొదట్లోనే చెప్పేస్తాడు. వేలమంది చచ్చిన యుద్ధం కంటే ఒక చిన్న మాటలోనే మనిషి స్వభావం బయటపడుతుందంటాడు. కాబట్టి అలెగ్జాండర్ పర్షియా సేనను ఓడించిన గాగమెలా యుద్ధంలో ఏ దళం ఎటు కదిలిందో తెలుసుకోవాలనుకునేవాళ్లు ఈ పుస్తకం కొనకండి. నాయకుడి పక్కన ఉన్నవాళ్లకు ఏమైందో తెలుసుకోవాలంటే మాత్రం తప్పకుండా చదవండి.

అలెగ్జాండర్‌లో నేను పదే పదే తిరిగేసే పేజీలు మూడు చోట్ల ఉన్నాయి. క్రీ.పూ. 333లో సిలీషియాలో ఆయనకు తీవ్రంగా జబ్బు చేసింది. ఫిలిప్ అనే వైద్యుడు పర్షియా రాజు డేరియస్ దగ్గర లంచం తీసుకున్నాడు, జాగ్రత్త అని సేనాపతి పార్మీనియో ఉత్తరం పంపాడు. అలెగ్జాండర్ ఆ ఉత్తరాన్ని వైద్యుడి చేతికే ఇచ్చి, అతను చదువుతుండగానే అతనిచ్చిన మందు తాగేశాడు. తన మనుషుల మీద అంత నమ్మకం! సుమారు మూడేళ్లకు కుట్ర ఆరోపణ మీద పార్మీనియో కొడుకు ఫిలోటస్‌కు మరణశిక్ష పడింది. ఆ వెంటనే మనుషులను పంపి పార్మీనియోను కూడా చంపించాడు. ఆ తర్వాత క్రీ.పూ. 328లో క్లైటస్. గ్రానికస్ యుద్ధంలో శత్రువు గొడ్డలి నెత్తిన పడబోతుంటే అడ్డుపడి అలెగ్జాండర్ ప్రాణం కాపాడినవాడు. విందులో తాగిన మత్తులో మాటా మాటా పెరిగింది. అలెగ్జాండర్ ఒక కాపలావాడి ఈటె లాక్కుని అతన్ని పొడిచేశాడు. మరుక్షణమే అదే ఈటెతో తననూ పొడుచుకోబోతే చుట్టూ ఉన్నవాళ్లు పట్టుకున్నారు.

అసలు పాఠం దాని తర్వాత ఉంది. ఏడుస్తూ పడివున్న అలెగ్జాండర్ దగ్గరికి అనాక్సార్కస్ అనే తత్వవేత్త వచ్చి, లోకాన్ని ఏలేవాడు ఏం చేస్తే అదే న్యాయం అన్న ధోరణిలో ఓదార్చాడు. ఆ మాట ఆయన బాధ తగ్గించింది గానీ మనిషిని ఇంకా చెడగొట్టిందని ప్లూటార్క్ తేల్చి చెబుతాడు. పెద్ద పదవిలో ఉన్నవాళ్లందరి చేతా ఈ ఒక్క పేజీ చదివించాలని నాకు అనిపిస్తుంది.

సీజర్ దీనికి తిరగేసి రాసినట్టుంటాడు. సైనికులు వెనకాడినప్పుడు చూడండి. క్రీ.పూ. 58లో జర్మన్ రాజు అరియోవిస్టస్ మీదికి వెళ్లడానికి అధికారులు భయపడితే, వాళ్లను పోగేసి, ఇష్టం లేనివాళ్లు వెళ్లిపోవచ్చు, పదో దళం ఒక్కదాన్నే తీసుకుని నేను వెళ్తాను అన్నాడు. దాంతో అందరూ సిగ్గుపడి కదిలారు. అలెగ్జాండర్ సేన పోరస్‌తో యుద్ధం తర్వాత ఇక ముందుకు రామని మొండికేసినప్పుడు ఆయన కోపంతో డేరాలో పడుకుండిపోయాడు. చివరికి వెనక్కి తిరిగేటప్పుడు అక్కడ మామూలుకంటే పెద్ద ఆయుధాలూ, పెద్ద గుర్రపు తొట్లూ వదిలి వెళ్లాడట, తర్వాత వచ్చేవాళ్లు చూసి అబ్బురపడాలని.

సీజర్ తనకు ఎదురు తిరిగినవాళ్లను క్షమించాడు. క్రీ.పూ. 48లో ఫార్సాలస్‌ యుద్ధంలో తన ప్రత్యర్థి పాంపే పక్షాన ఉన్న బ్రూటస్‌నూ క్షమించాడు, పదవి కూడా ఇచ్చాడు. క్రీ.పూ. 44 మార్చి 15న పడిన 23 కత్తిపోట్లలో ఒకటి ఆ బ్రూటస్‌దే. ఒకడు తన ప్రాణం కాపాడినవాణ్ణి చంపాడు, ఇంకొకడు తాను ప్రాణం పోసినవాడి చేతిలో చచ్చాడు. కాబట్టి క్షమించడం తప్పా అని పిల్లలు అడుగుతారు. తప్పు కాదనే నేను చెబుతాను. చట్టం ఇవ్వాల్సిన రక్షణ ఒక్క మనిషి దయగా మారిపోవడమే రోమ్‌లో చాలామందికి మింగుడుపడలేదు. శాశ్వత నియంత పదవి, బంగారు కుర్చీ, కిరీటం తెచ్చిన రభస, అన్నీ ప్లూటార్క్ వరసగా పేర్చి చూపిస్తాడు.

నాకు బాధ కలిగించే చోటు ఒకటుంది. క్రీ.పూ. 335లో అలెగ్జాండర్ థీబ్స్‌ను నేలమట్టం చేశాడు. ఆరు వేలకు పైగా చచ్చారు, ముప్పై వేలమందిని బానిసలుగా అమ్మారు. అక్కడ ప్లూటార్క్ టిమోక్లియా అనే స్త్రీ కథ చెబుతాడు. తనను చెరిచిన థ్రేస్ సైన్యాధికారికి నగలు బావిలో ఉన్నాయని చెప్పి, అతను తొంగి చూస్తుంటే లోపలికి తోసి రాళ్లేసి చంపింది. బంధించి తీసుకొస్తే, కైరోనియాలో మీకు ఎదురు నిలిచి పోరాడి చచ్చిన థియాజనీస్ చెల్లెల్ని నేను అని తలెత్తి చెప్పింది. అలెగ్జాండర్ ఆమెను పిల్లలతో సహా వదిలేశాడు. సీజర్ దగ్గరికి వచ్చేసరికి, గాల్‌లో (ఇప్పటి ఫ్రాన్స్ ప్రాంతం) పదేళ్లలోపు ఎనిమిది వందల పట్టణాలు పట్టాడు, పది లక్షలమందిని చంపాడు, అంతేమందిని బంధించాడు అని ప్లూటార్క్ ఒక్క వాక్యంలో దాటేస్తాడు, అదీ మెచ్చుకోలుగా. ఆ అంకెలు అతిశయోక్తే అయినా, అందులో ఒక్క టిమోక్లియా కూడా లేదు. థీబ్స్ ఆయన ఊరికి దగ్గర, గాల్ దూరం. మిగతా విషయాల్లో ఎంత మెచ్చుకున్నా ఇక్కడ మాత్రం ఆయన్ని ఒప్పుకోలేను. ఈ పేజీలు క్లాసులో చదివినప్పుడు ఆగి ఆ సంగతి చెప్పి గానీ ముందుకు వెళ్లను.

ఇంకా కొన్ని లోపాలున్నాయి. శకునాలు, కలలు మరీ ఎక్కువ. తేదీలు దాదాపు ఉండవు కాబట్టి పక్కన ఒక కాలరేఖ, ఒక మ్యాప్ పెట్టుకోవాలి. సీజర్ బాల్యం ఉన్న మొదటి భాగం పోయిందని పండితుల అభిప్రాయం. అందుకే కథ హఠాత్తుగా మొదలవుతుంది.

పెద్ద లోటు మాత్రం చివర్లో తెలుస్తుంది. చాలా జంటలకు ప్లూటార్క్ చివర్లో ఇద్దరినీ పోల్చి ఒక వ్యాసం రాశాడు. నాలుగు జంటలకు మాత్రం అది మనకు దొరకలేదు, వాటిలో ఇదొకటి. టీచర్‌గా నాకు అది మంచిదే అయింది. పోలిక పని పిల్లలకే అప్పగిస్తాను. డేరియస్ శవం మీద అలెగ్జాండర్ తన పైబట్ట కప్పిన ఘట్టం, పాంపే తల చూపించబోతే సీజర్ ముఖం తిప్పుకున్న ఘట్టం పక్కపక్కన చదివించి ఎవరి బాధను నమ్ముతారో రాయమంటాను. తొమ్మిదో తరగతి వాళ్లు కూడా చక్కగా రాస్తారు.

ఐదుకు నాలుగున్నర స్టార్లు. అలెగ్జాండర్ 77 అధ్యాయాలు, సీజర్ 69, అన్నీ చిన్నవే. వరసలోనే చదవండి, అలెగ్జాండర్ ముందు. స్పెయిన్‌లో సీజర్ అలెగ్జాండర్ చరిత్ర చదువుతూ, ఈ వయసుకు అతను ఎన్ని దేశాలేలాడు, నేనేం చేశాను అని ఏడ్చిన చోటుకు వచ్చేసరికి, అతను చదివిన జీవితం మీకూ తెలిసి ఉండాలి.