ఆరేళ్ల సోలార్ డ్రయ్యర్: అనంతపురంలో ఒక మాట, కాకినాడలో ఒక మాట

ఏదైనా ఎండబెట్టాలంటే మా ఇంట్లో ముందు గుర్తొచ్చేది కాపలా. ఎండ సంగతి ఆ తర్వాతే. అనంతపురంలో మా అత్తమ్మ మిద్దె మీద పాత చీర పరిచి వరుగులు పోసిందంటే, మెట్ల గది నీడలో పీట వేసుకుని, చేతిలో కట్టె పట్టుకుని పూటంతా అక్కడే కూర్చునేది. కాకులు, ఉడుతలు, అప్పుడప్పుడు కోతుల గుంపు. ఆమెకు మోకాళ్ల నొప్పులు మొదలయ్యాక ఆ కట్టె నా చేతికొచ్చింది. నేను ఇంట్లోనే బట్టలు కుడతాను. మిషను కింద, వరుగులు పైన. పావుగంటకోసారి మెట్లెక్కి దిగుతుంటే రోజుకు నాలుగు జాకెట్లు కుట్టే చోట రెండు కూడా అయ్యేవి కావు.

అందుకే 2019 ఫిబ్రవరిలో గాజు మూత ఉన్న సోలార్ డ్రయ్యర్ కొన్నాం. 6,500 రూపాయలు. పైన గాజు మూత, లోపల ముక్కలు పరిచే రెండు జల్లెడ ట్రేలు, గాలి రావడానికి కింద రంధ్రాలు, అంతే ఆ పెట్టె. నాకు ప్రాణం లేచొచ్చింది ఆ మూత వల్ల. పొద్దున తొమ్మిదింటికి ముక్కలు పరిచి, మూత దించి, కిందికి వచ్చేస్తే ఇక సాయంత్రం దాకా పైకి చూడక్కర్లేదు. ఎదురుగా ఎవరో ఇల్లు కడుతుంటే ఆ సిమెంటు దుమ్మంతా మూత మీదే పడేది. తడిబట్టతో తుడిస్తే పోయేది. ఈగ వాలదు. కోతి వచ్చి గాజు మీద చేతులు పెట్టి లోపలికి చూసి వెళ్లిపోయిన రోజు కూడా ఉంది. ఆ రోజు అత్తమ్మ నవ్విన నవ్వు నాకు ఇంకా గుర్తు.

2021 మే నెలలో ఒక సాయంత్రం ఉన్నట్టుండి గాలివాన వచ్చింది. పక్కింటి రేకు ఒకటి లేచిపోయి మా మిద్దె మీద పడింది. ఆరేసిన బట్టలు రోడ్డు మీదికి పోయాయి. పైకి వెళ్లడానికి కూడా లేదు. వాన తగ్గాక టార్చి పట్టుకుని వెళ్లి మూత ఎత్తితే కాకర ముక్కలు పొద్దున ఎలా పరిచానో అలాగే ఉన్నాయి. పట్టుకుంటే ఇంకా వెచ్చగా ఉన్నాయి. చీర మీద పోసి ఉంటే అన్నీ మురికి కాల్వలో వెతుక్కోవాల్సి వచ్చేది.

మాకు మిద్దె మీద ఇరవై దాకా గ్రో బ్యాగులు ఉండేవి. టమాటా, వంగ, గోంగూర, ఒక మూల కాకర పాదు. ఇంట్లో నలుగురం. కాపు వచ్చినప్పుడు ఒక్కసారిగా వస్తుంది, ఆ తర్వాత ఏమీ ఉండదు. పెంచుకునేవాళ్లకు ఈ బాధ తెలుసు. దానికి తోడు మాది టమాటా పండే జిల్లా. ధర పడిపోయిన రోజుల్లో కక్కలపల్లి మార్కెట్ దగ్గర రైతులు టమాటా పారబోసి వెళ్లిపోవడం కళ్లారా చూశాను. అలాంటప్పుడు మా ఆయన కిలో నాలుగైదు రూపాయలకు పది కిలోలు తెచ్చేవాడు. డ్రయ్యర్‌లో రెండు ట్రేలు, దఫాకు మూడు కిలోలు పడతాయి. టమాటాలో ఉన్నదంతా నీళ్లే కదా, మూడు కిలోలు కోస్తే చివరికి 180 గ్రాములు మిగిలేవి. అనంతపురం ఎండకు రెండు రోజులు చాలు. మధ్యాహ్నం లోపల చిన్న థర్మామీటరు పెడితే 60 డిగ్రీలు దాటేది.

ఆ వరుగుల విలువ నాకు 2023 జూలైలో తెలిసింది. జూన్‌లోనే మా ఆయనకు కాకినాడ బదిలీ అయింది. సామాన్లతో పాటు రెండు స్టీలు డబ్బాల నిండా టమాటా వరుగులు వచ్చాయి. కొత్త ఊళ్లో ఇల్లు సర్దుకునేలోపే టమాటా ధర వంద దాటిపోయింది. చుట్టుపక్కల అందరూ చింతపండు పులుసుతో సరిపెట్టుకుంటుంటే, నేను పప్పులోకి గుప్పెడు వరుగులు వేడినీళ్లలో నానబెట్టి వేసేదాన్ని. చారులోకైతే మిక్సీలో పొడి చేసి రెండు చెంచాలు. ఆ రెండు నెలలు టమాటా కోసం రూపాయి పెట్టలేదు. ఇంటావిడకు ఒక చిన్న సీసా ఇస్తే, వాళ్లాయన చారు రుచి చూసి ఎక్కడివని అడిగారట. అప్పుడు ఈ పెట్టె గురించి అందరికీ గొప్పగా చెప్పాను. ఎవరైనా సరే, ఎక్కడైనా సరే కొనుక్కోవచ్చు అన్నాను.

ఆ మాట ఇప్పుడు కొంచెం మార్చి చెప్పాలి.

2024 ఏప్రిల్. కాకినాడలో మాకు అదే మొదటి వేసవి. డాబా మీద నా గ్రో బ్యాగుల టమాటాలు రెండు కిలోలు, రైతు బజారులో కొన్నవి రెండు కిలోలు. మొత్తం నాలుగు కిలోలు కోసి, ఉప్పు రాసి, రెండు ట్రేలలో ఒత్తుగా పరిచాను. ఎండ బాగానే ఉంది. ఒళ్లంతా చెమట. ఎప్పటిలాగే సాయంత్రం చూసి, ఇంకా మెత్తగానే ఉన్నాయని మూత వేసి కిందికి వచ్చేశాను. అనంతపురంలో నాలుగేళ్లు అలాగే చేశాను. రాత్రి ముక్కలు తీసి లోపల పెట్టిన జ్ఞాపకమే లేదు.

మర్నాడు పొద్దున చూస్తే గాజు లోపలి వైపు నీటి చుక్కలు. మూత ఎత్తగానే ఆ చుక్కలు జారి ముక్కల మీదే పడ్డాయి. ఎండ వస్తే ఆరిపోతాయిలే అనుకున్నాను. ఆ రోజు మధ్యాహ్నం వరకు మబ్బు. మూడో రోజు కూడా సగం మబ్బే. పై ట్రేలో ముక్కలు అంచులు ముడుచుకుని ఆరినట్టే కనిపించాయి కాబట్టి అంత పట్టించుకోలేదు. నాలుగో రోజు పొద్దున మూత తీయగానే పులిసిన వాసన గుప్పుమంది. కింది ట్రేలో, మూలల్లో ఉన్న ముక్కల మీద దూది పింజలా తెల్లటి బూజు. పై ట్రే ముక్క ఒకటి చీల్చి చూస్తే పైన తోలులా ఎండింది కానీ లోపల తడి జిగట. నాలుగు కిలోలూ కంపోస్టు డబ్బాలోకి వెళ్లాయి. సొంత చేతులతో నీళ్లు పోసి పెంచిన కాయలు సగం అందులోనే ఉన్నాయి. ఆ రోజు నాకు అన్నం సహించలేదు.

పెట్టె పాడైందేమో అనుకుని బిగింపులన్నీ చూశాను. ఏమీ లేదు. చివరికి ఇంటావిడ చెప్పింది: "ఇక్కడ ఎండ ఎంత కాసినా గాలిలో తడుంటుందమ్మా. అప్పడాలు పెట్టినా సరే, పొద్దు వాలేసరికి లోపలికి తెచ్చేసుకుంటాం." అప్పుడర్థమైంది. పగలు పెట్టెలో గాలి వేడెక్కి తడిని బయటికి తీసుకుపోతుంది. రాత్రి ఆ పని ఆగిపోతుంది. కింది రంధ్రాల్లోంచి సముద్రపు తడిగాలి లోపలికి వచ్చేస్తుంది, సగం ఎండిన ముక్కలు ఆ తడిని మళ్లీ పీల్చుకుంటాయి. గాజు చల్లబడి దాని మీద నీరు పడుతుంది. అనంతపురంలో రాత్రి గాలి కూడా పొడిగా ఉండేది కాబట్టి ఈ సంగతి నాకు ఎప్పుడూ ఎదురుపడలేదు.

ఇప్పుడు నా పద్ధతి వేరు. ట్రేకు కిలో కంటే ఎక్కువ వేయను, ముక్కకూ ముక్కకూ మధ్య వేలు పట్టేంత సందు. ముక్కలు కూడా పలచగా కోస్తాను. సాయంత్రం ఐదింటికి ట్రేలు బయటికి తీసి, కాసేపు ఫ్యాను కింద చల్లార్చి, బిగుతు మూత ఉన్న డబ్బాలో పోస్తాను. వేడి మీద పోస్తే డబ్బాలోనే ఆవిరి పడుతుంది, అది మరీ ప్రమాదం. మర్నాడు తొమ్మిదింటికి గాజు వెచ్చబడ్డాక మళ్లీ పరుస్తాను. ఇలా మూడు రోజులు, ఒక్కోసారి నాలుగు. ముక్క వంచితే వంగకుండా టక్కున విరగాలి. అయిపోయాక కూడా వారం పాటు గాజు సీసాలో పెట్టి చూస్తాను. లోపలి వైపు ఒక్క చుక్క నీరు కనిపించినా మళ్లీ ఎండకే. ఈ పద్ధతిలో ఇప్పటివరకు బూజు రాలేదు. కానీ కాపలా అక్కర్లేదని కదా నేను ఈ పెట్టె కొన్నది. కాకులకు కాపలా తప్పింది గానీ, రోజూ ఐదింటికి ఫోన్‌లో అలారం మోగితే మిషను ఆపి డాబా ఎక్కడం మొదలైంది.

ఇంకో సంగతి కూడా చెప్పాలి. దీనితో వచ్చిన జల్లెడ మామూలు జింకు పూత తీగ. టమాటా పులుపుకు, ఉప్పుకు రెండో ఏడాదికే దాని మీద తెల్లటి పొడి లేచింది. అది తినేవాటికి తగలకూడదు. అది పీకేసి హార్డ్‌వేర్ షాపులో స్టెయిన్‌లెస్ స్టీలు మెష్ కొని వేయించాం, దాదాపు వెయ్యి రూపాయలయింది. కొనేవాళ్లు ముందే ట్రే దేనితో చేశారో అడిగి తెలుసుకోండి. నేను అడగలేదు.

వడియాలకు ఇది పనికిరాదు. పనికిరాదని కాదు, చోటు చాలదు. వంద వడియాలు పెట్టాలంటే ఇప్పటికీ మంచం మీద గుడ్డ పరవాల్సిందే. మునగాకు, కరివేపాకు, మెంతికూర నేరుగా గాజు కింద పెడితే రంగు పోయి గడ్డిలా అవుతాయి. గాజు మీద నల్ల గుడ్డ కప్పి పెడితే పచ్చగా ఉంటాయి, లోపలికి వెళ్లే వేడి మాత్రం కొంత తగ్గుతుంది. ఊరమిరపకాయలకు బ్రహ్మాండం. అవి ఎలాగూ రాత్రి మళ్లీ మజ్జిగలోకి వెళ్తాయి కాబట్టి సాయంత్రం తీయడం అదనపు పని అనిపించదు.

పెట్టిన డబ్బు నాకైతే ఎప్పుడో తిరిగొచ్చింది. గ్యాసు లేదు, కరెంటు లేదు, ఆరేళ్లలో మెష్ తప్ప ఖర్చు లేదు. కానీ నేను ఇంట్లో ఉండి పని చేసుకునే మనిషిని, డాబా మాకే వదిలేశారు, ఐదింటికి పైకి వెళ్లగలను. ఇవి మూడూ లేకపోతే నా లెక్క ఇలా ఉండేది కాదు. అనంతపురం జిల్లాలోనే తాడిపత్రిలో ఉన్న మా ఆడపడుచు అడిగితే ఆలోచించకుండా కొనుక్కో అని చెప్పాను. పక్క పోర్షన్ టీచరమ్మ అడిగితే మాత్రం అలా చెప్పలేకపోయాను. ఆవిడ బడి నుంచి వచ్చేసరికి ఆరు దాటుతుంది. వేసవి సెలవుల్లో మా పెట్టె ఒక వారం తీసుకెళ్లి వాడి చూడండి, బడి తెరిచాక ఆ టైముకు ట్రేలు తీసేవాళ్లు ఇంట్లో ఎవరైనా ఉంటారేమో చూసుకుని అప్పుడు కొనండి అన్నాను.