తాళం వేసిన ఇంటికి కెమెరానా, రాత్రి గస్తీనా?

వేసవి సెలవుల్లో కడప వాళ్లు ఇంటికి తాళం వేసి తిరుమలకో, పెళ్లికో బయలుదేరుతారు. అప్పుడు పోలీసులు అందించే రక్షణ రెండు రకాలు.

మొదటిది ఎల్‌హెచ్‌ఎంఎస్ (లాక్డ్ హౌస్ మానిటరింగ్ సిస్టమ్), అంటే తాళం వేసిన ఇంటిపై నిఘా పెట్టే ఏర్పాటు. ఫోనులో యాప్ ద్వారా పేరు నమోదు చేసుకుని, ఊరెళ్లే తేదీలు తెలిపితే పోలీసులు ఇంట్లో కెమెరా అమర్చుతారు. లోపల అలికిడైతే కంట్రోల్ రూముకు సంకేతం అందుతుంది. ఇది ఉచితం. అయినా ఎంతమంది అడుగుతున్నారు? ఊళ్లో లేమన్న సంగతి పోలీసులకు చెప్పడానికే చాలామంది జంకుతారు. ఆ జంకు దొంగకే మేలు చేస్తుంది.

రెండోది గస్తీ. కెమెరా కాపాడేది ఒక్క ఇంటినే. ఎర్రముక్కపల్లి సందుల్లో రోజూ తిరిగే కానిస్టేబుల్‌కు ఏ వీధి దీపం వెలగడం లేదో, ఏ ముఖం కొత్తదో తెలుస్తుంది. పక్కింటి అవ్వ కూడా అతనితో నాలుగు మాటలు చెబుతుంది. కెమెరాకు ఎవరు చెబుతారు? సిబ్బంది చాలకపోతే మాత్రం ఆ నడక వారానికోసారి అవుతుంది.

నాలుగు రోజులు ఊరెళ్లేవారు తప్పకుండా కెమెరా అడగాలి. ప్రభుత్వం అదనంగా ఖర్చు పెట్టగలిగితే మాత్రం ముందు గస్తీకే పెట్టాలని నేను గట్టిగా కోరుకుంటాను.