బందరు కలంకారీ ఒంటిపువ్వు దుప్పటి: బెజవాడ షాపుల్లో కొనేముందు

బెజవాడ చేనేత షాపుల్లో బందరు కలంకారీ దుప్పట్లు పరిచి చూపిస్తుంటే కళ్లు ముందు నెమళ్ల మీదికీ ఏనుగుల మీదికీ పోతాయి. మా ఓటు మాత్రం మీగడ రంగు నేల మీద ఒకే పువ్వును దూరదూరంగా అద్దిన దుప్పటికే. కిక్కిరిసిన డిజైన్‌లో అద్దకం లోపాలు కనపడవు. ఒంటిపువ్వులో ప్రతి గీతా బయటపడుతుంది.

ఆ పువ్వు ఏ చెట్టుదా అని వెతక్కండి. కాడ ఒకవైపు వంగి, రేకుల అంచులు నొక్కులు నొక్కులుగా, పువ్వు నడిమధ్య ఇంకో చిన్న పువ్వు. అలాంటిది మన పెరళ్లలో పూయదు. కుతుబ్‌షాహీల కాలంలో మచిలీపట్నం గోల్కొండ రాజ్యానికి రేవు. పర్షియాతో వర్తకం జోరుగా సాగేది. శ్రీకాళహస్తి కలంకారీలో రామాయణ ఘట్టాలుంటే, బందరు గుడ్డ మీద లతలూ పూలూ పరుచుకున్నది ఆ పర్షియన్ అభిరుచి వల్లే. 1611లో ఇంగ్లీషు ఈస్టిండియా కంపెనీ బందరులో కోఠీ, అంటే వర్తక కేంద్రం పెట్టింది. 1643లో లండన్ నుంచి సూరత్‌కు వెళ్లిన కంపెనీ ఉత్తరంలో ముదురెరుపు నేల తమవాళ్లకు నచ్చడం లేదని, తెలుపు ఎక్కువుంచి పూలూ కొమ్మలూ రంగుల్లో వెయ్యమని కోరారు. ఆ మోజు ఎంతగా పెరిగిందంటే, ఫ్రాన్సు 1686 నుంచి 1759 దాకా ఇలాంటి అద్దకం గుడ్డల్ని నిషేధించింది. కాబట్టి పువ్వు చుట్టూ ఖాళీ చూసి పనితనం తక్కువనుకోవద్దు. అది ఏరికోరి అడిగించుకున్న అందం.

ఇక గుడ్డని దగ్గరగా పట్టుకుని చూడండి. అద్దకానికి ముందు బట్టను కరక్కాయ పొడి, గేదెపాలు కలిపిన నీళ్లలో ముంచుతారు. పాలలోని కొవ్వు రంగును పాకనివ్వదు. పాలు చాలకపోతే రేకు కొసల్లో నల్లగీత చెదురుతుంది. ఆ నలుపు ఇనుప ముక్కలూ బెల్లమూ ఊరబెట్టిన నీళ్లు కరక్కాయతో కలిస్తే వచ్చేది. ఎరుపుకి ముందు పటిక అచ్చు వేసి, ఉతికి, తర్వాత రంగునీళ్లలో ఉడకబెడతారు. ఒకప్పుడు ఎరుపునిచ్చే చిరివేరు వాడేవాళ్లు, ఇప్పుడు ఎక్కువగా అలిజరిన్ అనే ఎర్ర రంగు. ఉడికించే ముందు సరిగ్గా ఉతక్కపోతే పువ్వు చుట్టూ గులాబీ మరక నిలిచిపోతుంది. అలాంటిది తీసుకోవద్దు.

ఎరుపు నల్లగీత దాటి నూలుపోగంత జరిగితే అది చేతిపని, ఫరవాలేదు. పావు అంగుళం జరిగితే అజాగ్రత్తే. అంచు లత మూలల్లో ఎలా కలిసిందో తప్పకుండా చూడండి. వెనక్కి తిప్పితే పువ్వు వెలవెలబోతోందా? అది చాలావరకు స్క్రీన్ ప్రింటే. అసలు అద్దకంలో రంగు వెనక్కి దిగుతుంది.

లోపం దాచడం దేనికి, పసుపు త్వరగా వెలుస్తుంది. నీలి మీద పసుపు వేసి తెచ్చిన ఆకుపచ్చైతే కొన్నాళ్లకు నీలంగా మిగులుతుంది. మన తూర్పు తీరం (కోరమాండల్) పాత గుడ్డల్లో నీలిరంగు ఆకులు కనిపించడానికి కారణమూ ఇదే. మొదటిసారి విడిగా, చన్నీళ్లలో ఉతికి నీడలో ఆరెయ్యండి. రంగు నిలుస్తుందని వెనిగర్‌లో నానబెట్టమనే సలహా దీనికి పనికిరాదు. పులుపు తగిలితే ఇనుప నలుపు విడిపోతుంది. నిమ్మరసంతో మరకలు రుద్దినా అంతే. మంచానికి నిక్షేపంలా ఉంటుంది కానీ, పులుసూ చారూ ఒలికే డైనింగ్ టేబుల్ మీద మాత్రం పరవకండి.